కాటన్‌పేట కబుర్లు: కట్టడానికి ఇస్తారు... నడపడానికి?

ఈసారి కబుర్లు కాస్త డబ్బుకి సంబంధించినవి. కంగారు పడకండి, చందా పుస్తకం చంకన పెట్టుకుని మీ గుమ్మం ఎక్కడం లేదు! చందా అడిగేవాళ్ళ కష్టం ఏమిటో, ఇచ్చేవాళ్ళ మనసులో ఏముంటుందో ఈ ఏడు దగ్గరగా చూసే అవకాశం వచ్చింది. అది మీతో చెప్పుకుందామని ఈ ప్రయత్నం.

చైత్ర పౌర్ణమికి బెంగుళూరులో కరగ ఉత్సవం జరుగుతుందని మీలో చాలామందికి తెలుసు. ధర్మరాయస్వామి గుడినుంచి అర్ధరాత్రి బయలుదేరిన పూల కరగ, కత్తులు పట్టిన వీరకుమారుల మధ్య ఊరంతా తిరుగుతూ మా కాటన్‌పేటలోని మస్తాన్ సాహెబు దర్గాకి కూడా వచ్చి వెళుతుంది. ఆ ఒక్క రాత్రీ మా పేటలో ఎవరికీ నిద్ర ఉండదు. ఈసారి కరగ చూడడానికి మా అక్క కూతురు వచ్చింది. తెల్లవారి కాఫీలు తాగుతూ కూర్చున్నప్పుడు మొదలైంది అసలు కథ.

మా మేనకోడలు ఒక విశ్వవిద్యాలయంలో నాయకత్వ శిక్షణ కేంద్రానికి డైరెక్టరు. కార్యక్రమాలు నడపడం, వాటికి కావలసిన నిధులు తేవడం, రెండూ ఆమె పనే. ఆ ఉద్యోగం వచ్చిన కొత్తలో మా అక్క నాతో, “అంత చదువూ చదివి చివరికి చందాలు అడుక్కునే పనిలో చేరిందిరా!” అని వాపోయింది. నేను కూడా పైకి ఓదార్చాను గానీ లోపల అదే అనుకున్నాను. ముప్ఫై ఏళ్ళు బ్యాంకులో అప్పులు ఇచ్చిన చేతికి, అడిగే చెయ్యి కొంచెం లోకువే కదా!

“అసలు నాయకత్వం నేర్పడమేమిటమ్మా? అది పుట్టుకతో రావాలి గాని!” అన్నాను ఆ ఉదయం.

“ఉపన్యాసం ఇవ్వడం నేర్పుతామనుకున్నావా మామయ్యా? ఏడాదికి నలభైమంది పిల్లల్ని తీసుకుంటాం. ఎక్కువమంది ఇంట్లో మొదటిసారి డిగ్రీ చదువుతున్నవాళ్ళు. నలుగురైదుగురిని ఒక జట్టు చేసి ఒక ఊరికి పంపుతాం. అక్కడ ఒక పని ఎంచుకోవాలి. నీళ్ళ ట్యాంకో, బడి మరుగుదొడ్లో, పాలకేంద్రం లెక్కలో. ఊరివాళ్ళతో సమావేశం పెట్టాలి. పంచాయతీ ఆఫీసులో అర్జీ ఇచ్చి పని జరిగేదాకా తిరగాలి. ఖర్చు లెక్క రాయాలి. తప్పు జరిగితే అందరిముందూ ఒప్పుకోవాలి. ఇవన్నీ పుట్టుకతో వస్తాయా?” అంది.

నాకు జవాబు దొరకలేదు. బ్యాంకులో పెద్ద కుర్చీల్లో కూర్చున్న ఎందరికి ఆ చివరి రెండూ చేతకాలేదో గుర్తొచ్చి నోరు మూసుకున్నాను.

ఇక ఆమె చిక్కు చెబుతాను. మా పేటలోనే అగరుబత్తుల వ్యాపారం చేసే ఒక శెట్టిగారు, తండ్రిగారి పేరుమీద ఆ కేంద్రానికి కోటి రూపాయలు ఇస్తానన్నారు. ఆడిటోరియం కట్టాలి, ముందు పాలరాతి పలక మీద పేరు ఉండాలి, అంతే షరతు. ఇంకేం కావాలి? విశ్వవిద్యాలయంలో పెద్దలందరూ సంతోషించారు. మా అమ్మాయి ఒక్కతే సంతోషించలేదు. కారణం లెక్కల్లో ఉంది. నలభైమంది పిల్లల ప్రయాణాలు, ఊళ్ళలో బస, భోజనం కలిపి మనిషికి ఇరవై వేల చొప్పున ఏడాదికి 8 లక్షలు. ఇద్దరు శిక్షకుల జీతాలు 12 లక్షలు. మొత్తం 20 లక్షలు. జీతాలు విశ్వవిద్యాలయం ఇస్తుంది. పిల్లల ఖర్చు 8 లక్షలకి మాత్రం వచ్చే సంవత్సరానికి పైసా లేదు. మరోపక్క కొత్త హాలు కడితే దాని కరెంటు, ఏసీ, కాపలా, ఊడ్చి తుడవడం కలిపి ఏటా 6 లక్షలు అవుతుందని లెక్క తేలింది. ఆ 6 లక్షలు ఎవరూ ఇస్తామనలేదు.

అంటే కోటి రూపాయల దానం ఇంటికి వచ్చేటప్పుడు వెంట ఒక కొత్త అప్పుని కూడా తీసుకువస్తోందన్నమాట. పెళ్ళికి ఏనుగుని బహుమతి ఇచ్చినట్లు!

“శెట్టిగారు నీకు తెలిసినవారే కదా మామయ్యా, ఒక్కసారి నాతో రా” అంది. వెళ్ళాను.

శెట్టిగారి కొట్టు వెనకాల చిన్న గది. గోడకి తండ్రిగారి ఫోటో, దండ. “రండి బ్యాంకు సార్!” అని ఆదరంగా కూర్చోబెట్టారు. సంగతి విని ఒక్క నవ్వు నవ్వారు. “లీడర్లని తయారు చేస్తారా అమ్మా? ఉన్న లీడర్లతోనే వేగలేక చస్తున్నాం!” అన్నారు. మేమూ నవ్వాం. తరువాత ఆయన నవ్వు ఆపి, “చూడమ్మా, మా నాయన సంతలో గోనెపట్టా పరిచి వ్యాపారం మొదలుపెట్టాడు. ఆయన పేరు రాయి మీద ఉండాలని నా కోరిక. పిల్లల భోజనాలకి ఇస్తే ఆ ఏడాది తింటారు, మరుసటి ఏడు ఎవరికి గుర్తు?” అన్నారు.

ఆ మాట తోసిపారేసేది కాదు. కన్నతండ్రి పేరు నిలవాలనుకోవడంలో తప్పేముంది? ఆ పూటకి ఏమీ తేలకుండానే ఇంటికొచ్చాం. కానీ ఆ ప్రశ్న నన్ను వదలలేదు. మన ఊళ్ళో పెద్దవాళ్ళు దానాలు ఎలా చేశారా అని ఆలోచించడం మొదలుపెట్టాను.

మా పేటకి కూతవేటు దూరంలో, సిటీ రైల్వే స్టేషను ఎదుట గుబ్బి తోటదప్పగారి సత్రం ఉంది. ప్రయాణికులకి బస, విద్యార్థులకి వసతి. వ్యాపారం చేసి సంపాదించిన మనిషి, సత్రం కట్టి ఊరుకోలేదు. తన తరువాత కూడా నడవడానికి ధర్మసంస్థని ఏర్పాటు చేశారు. అందుకే ఈనాటికీ ఆ పేరు చెబితే ఆటోవాడు అడ్రసు అడగడు.

ఇంకొకటి మల్లేశ్వరం దాటితే వస్తుంది. ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్. జంషెడ్జీ టాటాగారు 1898లో దీనికోసం ఇస్తానన్నది రొక్కం కాదు. బొంబాయిలో 14 భవనాలు, 4 స్థలాలు. విలువ సుమారు 30 లక్షలు. వాటిమీద ఏటా సుమారు లక్షా పాతికవేలు ఆదాయం వస్తుందని అంచనా. గమనించారా? ఆయన కట్టడానికి కాదు, ముందుగా నడపడానికి ఇచ్చారు. నేను బ్యాంకు మనిషిని కనుక నాకు ఇది చూడగానే చేతులెత్తి దండం పెట్టాలనిపించింది.

ఆ పని వెనకాల ఇంకొకాయన ఉన్నారు, బుర్జోర్జీ పాద్షా. టాటాగారు ఆయన్ని విదేశాలకు పంపితే, అక్కడి విశ్వవిద్యాలయాలు ఎలా నడుస్తున్నాయో చూసివచ్చి పథకం తయారు చేశారు. 1898 డిసెంబరు ఆఖరున, కొత్తగా వచ్చిన వైస్రాయి కర్జన్ ముందు ఆ పథకం పెట్టారు. కర్జన్‌కి రెండు సందేహాలు. ఇంత పెద్ద చదువుకి తగిన విద్యార్థులు దొరుకుతారా? దొరికినా చదివాక వాళ్ళకి ఉద్యోగాలు ఉంటాయా? మా మేనకోడలు ఈ మాట విని, “మామయ్యా, నూట పాతికేళ్ళ తరువాత నన్నూ అవే రెండు ప్రశ్నలు అడుగుతున్నారు!” అని పకపకా నవ్వింది. పాద్షాగారు చేసినదీ ఈమె చేస్తున్నదీ ఒకే పని. ఈ సంగతి మా అక్కకి ఉత్తరం రాశాను. ఇప్పుడు ‘చందాలు అడుక్కోవడం’ అనే మాట మా ఇంట్లో వినపడడం లేదు.

టాటాగారు 1904లో కన్నుమూశారు, కలలుగన్న సంస్థని చూడకుండానే. కొడుకులు మాట తప్పలేదు. మైసూరు సంస్థానం 371 ఎకరాల స్థలం, 5 లక్షల రూపాయలు ఇచ్చి, ఏటా 50 వేలు ఇస్తామని కూడా ఒప్పుకుంది. చూశారా, ఇక్కడ కూడా ఒకసారి ఇచ్చేది వేరు, ఏటా ఇచ్చేది వేరు. 1909 మే 27న ప్రభుత్వ ఉత్తర్వు వచ్చింది. 1911లో మొదటి విద్యార్థులు చేరారు. సంస్థకి తన పేరు పెట్టాలని టాటాగారు కోరలేదు. కానీ బెంగుళూరు జనం దాన్ని ‘టాటా ఇన్‌స్టిట్యూట్’ అనే పిలుచుకున్నారు. వద్దన్నవాడికి ఊరే పేరు పెట్టింది!

మన తెలుగువాళ్ళ సంగతి కూడా చెప్పుకోవాలి కదా! 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం పుట్టింది. మొదటి వైస్ ఛాన్సలరు కట్టమంచి రామలింగారెడ్డిగారు, అంతకుముందు మైసూరు మహారాజా కళాశాలలో పాఠాలు చెప్పినవారే. పేరు విశ్వవిద్యాలయమైనా చేతిలో సొమ్ము ఏది? ఆ దశలో ఆదుకున్నది జయపురం సంస్థానం. విక్రమదేవ వర్మగారు ఏటా లక్ష రూపాయలు ఇచ్చారు. ఆ రోజుల్లో లక్ష! సైన్సు, టెక్నాలజీ కళాశాలకి ఆయన పేరే పెట్టారు. ఏటా ఇచ్చినవాడి పేరూ నిలిచింది మరి. శెట్టిగారి ప్రశ్నకి ఇది ఒక జవాబు అనుకున్నాను.

నాయకుల శిక్షణ సంగతికొస్తే, మన ఊళ్ళోనే ఒక మంచి ఉదాహరణ ఉంది. 1988లో జె.ఆర్.డి. టాటాగారి సంకల్పంతో, అదే టాటా ఇన్‌స్టిట్యూట్ ఆవరణలో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అడ్వాన్స్‌డ్ స్టడీస్ వెలిసింది. దేశాన్ని నడిపే అధికారులు, కంపెనీల మేనేజర్లు, సంఘసేవకులు తమ శాఖ గోడలు దాటి ఆలోచించడానికి ఒక చోటు ఉండాలన్నది ఉద్దేశం. మొదటి డైరెక్టరు అణుశాస్త్రవేత్త రాజా రామన్నగారు. ఆయన తరువాత 1997 నుంచి 2004 వరకు రొద్దం నరసింహగారు. ఇంటిపేరు చూడగానే అనంతపురం వైపువాళ్ళు పోల్చుకుంటారు. రొద్దం ఆ ప్రాంతపు ఊరే. బెంగుళూరులో పుట్టి పెరిగి, విమానశాస్త్రంలో ప్రపంచం మెచ్చిన మనిషి. 2013లో పద్మవిభూషణ్ అందుకున్నారు. 2020 డిసెంబరులో స్వర్గస్థులయ్యారు. గాలి ప్రవాహాల గణితం చేసిన ఆయన, ఏడేళ్ళపాటు అలాంటి సంస్థ బాధ్యత మోశారంటే, నాయకత్వం అంటే మైకు పట్టుకోవడం కాదని తెలియడం లేదూ?

సరే, పాత సంగతులు బాగానే ఉన్నాయి. ఈనాటి దారులేమిటని మా అమ్మాయిని అడిగాను. కంపెనీల చట్టం ప్రకారం 2014 ఏప్రిల్ నుంచి పెద్ద కంపెనీలు తమ సగటు లాభంలో 2 శాతం సమాజసేవకి ఖర్చు పెట్టాలి. అక్కడికి వెళ్ళొచ్చుగా అన్నాను. “వెళ్తాం మామయ్యా. కానీ ఆ సొమ్ము ఆయా పనులకి ఖర్చు పెట్టాల్సిందే, మూలధనంగా దాచుకోవడానికి వీల్లేదని 2021లో తేల్చారు. మూడేళ్ళు ఇచ్చి కంపెనీ వేరే పనికి వెళ్ళిపోతుంది. పిల్లలు మాత్రం నాలుగో ఏడూ వస్తారు కదా!” అంది. అందుకే మూలధనం ఇవ్వగల వ్యక్తి, అంటే శెట్టిగారి వంటి మనిషి, కంపెనీ కంటే విలువైనవాడు. వడ్డీ మాత్రమే తిని అసలు ముట్టని నిధి ఒక్కటే సంస్థకి నిద్ర పట్టనిస్తుంది.

లెక్క వేసి చూశాను. కోటి రూపాయలు డిపాజిట్ చేస్తే, 7 శాతం చొప్పున ఏడాదికి 7 లక్షలు. ధరలు పెరుగుతాయి కనుక అందులో 2 లక్షలు తిరిగి అసలులో కలపాలి. మిగిలిన 5 లక్షలతో పాతికమంది పిల్లలు ఏటా, శాశ్వతంగా. ఈ లెక్క ఒక కాగితం మీద రాసుకుని మళ్ళీ శెట్టిగారి దగ్గరికి వెళ్ళాం. టాటా ఇన్‌స్టిట్యూట్ కథ కూడా చెప్పాను. ఆయన ఓపిగ్గా విని, “బాగుంది సార్. కానీ ఆయన టాటా. నేను టాటానా? నేను వద్దంటే నిజంగానే నా పేరు ఎవరూ పెట్టరు!” అన్నారు. ఏం చెబుతాం? నిజమే కదా.

అప్పుడు మా అమ్మాయి నన్ను వారించి, “మీరు డబ్బు మాట పక్కన పెట్టండి శెట్టిగారూ. శనివారం ఒక్క గంట మా పిల్లల తరగతికి వచ్చి కూర్చోండి. నచ్చకపోతే హాలే కట్టిద్దాం, నేను మళ్ళీ అడగను” అంది. నాకు గుండె ఝల్లుమంది. పై అధికారులకి ఇది తెలిస్తే, చేతికొచ్చిన కోటిని తేలిగ్గా తీసుకుందని ఉద్యోగానికే ముప్పు. ఆమెది ఏడాదికోసారి పొడిగించే ఉద్యోగం మరి.

శనివారం నేనూ వెనక బెంచీలో కూర్చున్నాను. పావగడ తాలూకా నుంచి వచ్చిన ఒక అమ్మాయి తన జట్టు చేసిన పని వివరించింది. పావగడ కర్ణాటకలో ఉన్నా ఇంట్లో తెలుగే మాట్లాడే కుటుంబాలు చాలా ఉన్నాయక్కడ. ఊళ్ళో ఆగిపోయిన మంచినీళ్ళ మోటారు బాగు చేయించారట. శెట్టిగారు ఉండబట్టలేక తెలుగులో, “మోటారుకి ఎంతయింది తల్లీ?” అన్నారు. ఆ పిల్ల కాగితం చూడకుండా రీవైండింగుకి ఇంత, పైపుకి ఇంత, రవాణాకి ఇంత అని చెప్పుకుపోయి, చివరికి, “మూడువందలు లెక్క తేలలేదండి. ఎక్కడ పోయిందో మాకే తెలియలేదు. ఊరి సభలో అదే చెప్పాం. ఒకాయన కోప్పడ్డారు. తరువాత ఆయనే మిగతా పనికి వెయ్యి రూపాయలు ఇచ్చారు” అంది.

శెట్టిగారు తిరుగు ప్రయాణంలో కారులో చాలాసేపు మాట్లాడలేదు. మైసూరు బ్యాంకు సర్కిలు దగ్గర సిగ్నల్ పడ్డప్పుడు, “సార్, కొట్టు కట్టడం సులువు. శనివారం శనివారం కూలి ఇవ్వడమే వ్యాపారం. మా నాయన ఒక్క శనివారం కూడా తప్పలేదు” అన్నారు. అంతే. ఇంకేమీ అనలేదు.

పదిరోజుల తరువాత కబురు వచ్చింది. 50 లక్షలు మూలధనంగా ఇప్పుడు ఇస్తారు. మిగతా 50 లక్షలు మూడేళ్ళు చూసి. షరతులు రెండు: ప్రతి ఏడూ జమాఖర్చు తెల్లకాగితం మీద, తేలని మూడువందలతో సహా, తనకి పంపాలి. ఇప్పుడున్న తరగతి గది గుమ్మం పైన తండ్రిగారి పేరుతో చిన్న బోర్డు ఉండాలి. మా అమ్మాయి రెండింటికీ సంతోషంగా ఒప్పుకుంది. ఆడిటోరియం పోయిందని ఆమె పై అధికారులు ముఖం ముడుచుకున్నారు. ఉద్యోగం మాత్రం ఇంకో ఏడాదికి పొడిగించారు. అంతకంటే ఏమీ చెప్పలేను.

ఇక మన సంఘం కుటుంబాల సంగతి. పిల్లలు చదివిన కాలేజీలనుంచి, సొంతూరి సంస్థలనుంచి మనకి ఎన్నో విజ్ఞప్తులు వస్తుంటాయి. ఇచ్చేముందు నాలుగు ప్రశ్నలు అడగండి. ఈ సొమ్ము కట్టడానికా, నడపడానికా? కట్టాక ఏడాది ఖర్చు ఎవరు భరిస్తారు? అసలు ముట్టకుండా ఉంచుతారా? లెక్క ఎప్పుడు చూపిస్తారు? ఇవి అడగడం అనుమానం కాదు, ఆదరమే. రెండువేలు దాటిన నగదు దానానికి ఆదాయపు పన్ను రాయితీ ఉండదు కనుక చెక్కు ద్వారానో బ్యాంకు ద్వారానో ఇవ్వండి. విదేశాల్లో ఉన్న మీ పిల్లలు ఇంకా భారత పౌరులే అయితే, బ్యాంకు ద్వారా పంపే సొంత సొమ్ము విదేశీ విరాళం కిందకు రాదు. అక్కడి పౌరసత్వం తీసుకుని ఉంటే మాత్రం, ఓ.సి.ఐ. కార్డు ఉన్నా సరే, అది విదేశీ విరాళమే. పుచ్చుకునే సంస్థకి అందుకు తగిన అనుమతి ఉందో లేదో ముందే కనుక్కోండి. ప్రేమతో పంపిన డబ్బు సంస్థ మెడకి చుట్టుకోకూడదు కదా!

శెట్టిగారి 50 లక్షలకి వడ్డీ మూడున్నర లక్షలు. లక్ష అసలులో కలిపితే మిగిలేది రెండున్నర లక్షలు. అంటే పన్నెండుమంది పిల్లలు. నలభైలో పన్నెండు పోతే ఇరవై ఎనిమిది. ఆ ఇరవై ఎనిమిదిమంది కోసం మా మేనకోడలు సోమవారం పొద్దున్నే మళ్ళీ సంచీ భుజాన వేసుకుని బయలుదేరింది. వెళ్తూ వెళ్తూ, “మామయ్యా, నీకు తెలిసిన శెట్టిగార్లు ఇంకెవరైనా ఉన్నారా?” అని అడిగింది.

ఆలోచిస్తున్నాను. మీకు తెలిసినవాళ్ళు ఉంటే మీరూ ఆలోచించండి. వచ్చే సంచికలో మళ్ళీ కలుసుకుందాం. సెలవు.